అరిగిన బటన్

ఫారంలో నాలుగో గడి ఇంకా ఖాళీ.
"ప్రధాన కారణం" అని అచ్చేసి, పక్కన
ఒక్క పేరు పట్టేంత చోటు వదిలారు.

కోహ్త్ల-యార్వేలో ఫిబ్రవరి.
బూడిద గుట్టల మీద మంచు తెల్లగా నిలవదు,
గంటలో గాడిద రంగుకి తిరుగుతుంది.
రాతిని కాల్చి నూనె పిండే కర్మాగారం;
ఊరంతా ఫినాయిల్‌తో కడిగిన ఆసుపత్రి వాసన.

ఫైనా ర్యుమినా, యాభై మూడేళ్లు,
అందులో ఇరవై రెండు రాత్రి షిఫ్టులోనే.
మూడూ పదిహేడుకి అలారం మోగింది.
మూడూ పదిహేడుకే ఆపేసింది.
యంత్రం సెకన్లు కూడా రాసుకుంది: రెండు.
మూడూ నలభైకి తొట్టి పొంగి
కింద మెట్ల మీదున్న కుర్రాడు, రోమిక్,
మోచేతుల దాకా కాలాడు.

"ఆ రెండు సెకన్లలో ఏం ఆలోచించారు?"
"ఏమీ ఆలోచించలేదు."
పక్కన లాయరుంటే ఆ మాట అననిచ్చేవాడు కాదు.

పాత లెక్కలు తీయించాను.
ఈ చలికాలం అదే అలారం
పదకొండు వందల పన్నెండు సార్లు మోగింది.
చివరిది తప్ప అన్నీ ఉత్తవే.
నాన్నా పులి కథలో అబద్ధమాడింది పిల్లాడు.
ఇక్కడ ఆడింది చలి:
మైనస్ పద్దెనిమిది దాటితే సన్నగొట్టంలో నీరు గడ్డకట్టి
మీటరు సగం తొట్టిని నిండుకుండ అంటుంది.

ఆ గొట్టానికి చుట్టిన వేడి తీగ
తెగి మూడేళ్లయింది.
ఉత్తరం రాసింది ఫైనాయే, రష్యన్‌లో.
ఎస్టోనియన్‌లో రాయమని తిప్పి పంపారు.
కూతురి చేత రాయించి మళ్లీ పంపింది.
"వచ్చే బడ్జెట్‌లో పరిశీలిస్తాం" అని
చక్కటి ఎస్టోనియన్‌లో జవాబొచ్చింది.
మూడుసార్లు.

తాలిన్‌లో, కిటికీలోంచి సముద్రం కనిపించే గదిలో
రంగుల పట్టిక చూపించారు.
అడ్డంగా ఎంత తరచుగా, నిలువుగా ఎంత నష్టం.
ఈ తొట్టి మొదట ఎర్రగడిలో ఉండేది.
ఎరుపైతే ప్లాంటు ఆపాలి.
నాలుగుని మూడు చేస్తే పసుపవుతుంది.
ఎవరూ అబద్ధం ఆడలేదు.
బల్ల చుట్టూ ఏడుగురు, కాఫీ, చీకటి పడుతోంది,
"మూడే అనుకుందామా?"
మినిట్స్‌లో ఇలా ఉంది:
"మూడుగా నిర్ణయించడమైనది."
వెతికాను. ఆ వాక్యానికి కర్త లేడు.
ప్రమాద నివేదికలో మాత్రం ఉంది:
ర్యుమినా అలారం ఆపెను.

గేటు దగ్గరి బోర్డు
ప్రమాదం లేని రోజులు తొమ్మిది అంటోంది.
అంతకు ముందు నాలుగు వందల ఆరు.
ఆ అంకె చెడకూడదని
పోయిన వేసవిలో నిచ్చెన మీంచి పడ్డ వెల్డరు
ఇంట్లో స్నానాలగదిలో జారానని డాక్టరుకి చెప్పాడు.
క్రిస్మస్ బోనస్ ఆ బోర్డులోంచే వస్తుంది మరి.
ఆ మాట నాకు చెప్పింది అతను కాదు, అతని భార్య,
అదీ తలుపు దగ్గర, వెళ్లిపోతుంటే.

మూడు రాత్రులు కంట్రోల్ రూంలో కూర్చున్నాను.
కొత్త తీగకి ఆర్డరిచ్చారట,
వసంతానికి వస్తుందట.
మొదటి రాత్రి మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాను.
రెండో రాత్రి తల మాత్రం తిప్పాను.
మూడో రాత్రి, ఫైనా కుర్చీలోకొచ్చిన ఇల్మార్
టీలో నల్ల ద్రాక్ష జామ్ కలుపుతూ
చేపల వేటకెళ్లి బూటు పోగొట్టుకున్న బావమరిది కథ చెబుతున్నాడు.
నవ్వుతున్నాం.
ఉన్నట్టుండి అతను నవ్వడం ఆపేశాడు.
నా చేతి వైపు చూస్తున్నాడు.

నా బొటనవేలు బటన్ మీదుంది.
గది నిశ్శబ్దంగా ఉంది.
ఎప్పుడు మోగిందో నాకు తెలీదు.

ప్లాస్టిక్ మధ్యలో చిన్న పల్లం,
ఇరవై రెండేళ్లు ఒకే వేలు తవ్వింది.
నా వేలికీ సరిపోయింది.

నాలుగో గడికి అదనపు కాగితాలు జతచేయవచ్చా అని
పై ఆఫీసుకి రాశాను.
పరిశీలనలో ఉంది.
ఇవాళ మైనస్ ఇరవై ఒకటి.